దిగువకు దిగని చూపు

భద్రాచలమున గోదావరి మెట్లు దిగుచు మా యత్తగారు పలుమాఱు వెనుకకు పడిరి. భోజనమునకు కూర్చుండి, కంచము చూడక యెదుటి గోడను చూచుచు అన్నము ఒడిలో పోసికొనిరి. మేము విసిగికొంటిమి, ఖమ్మము పోయి కంటియద్దములు రెండుమాఱులు మార్పించితిమి.

తీరా చూడగా దోషము కంటిలో లేదు. కన్నును పైకిని క్రిందికిని చురుకుగా త్రిప్పు నాడీకణములు మెదడుకాండపు పైభాగమగు మధ్యమెదడున నున్నవి; ప్రక్కలకు త్రిప్పునవి దానికి దిగువను. ‘టౌ’ అను మాంసకృత్తు పేరుకొని ఆ మొదటి కణములు చెడినచో చూపు దిగువకు దిగదు. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ యను వైద్యులు ఈ వ్యాధిని వర్ణించిరి. వింత యేమనగా, చూపు నొకచోట నిలుపుమని చెప్పి వైద్యుడు తలను మెల్లగా పైకెత్తినచో ఆ కన్నులే దిగువకు తిరుగును! కండరములు చెడలేదన్నమాట, ఆజ్ఞయే అందుటలేదు. కనుల కదలిక మందగించు వేఱొక వంశపారంపర్య వ్యాధిని బొంబాయి వైద్యులు వాడియా, స్వామి గార్లు 1971లో తొమ్మిది కుటుంబములయందు వర్ణించిరి.

అత్తగారి వ్యాధిని మాన్పు మందు లేదు. మెట్లపై చేయి విడువరాదు. తినునపుడు తఱచు పొలమాఱినచో ఉపేక్షింపక వైద్యునికి చెప్పవలెను. కంచమును ఎత్తుపీటపై కంటి కెదురుగా నుంచితిమి. ఆ పూట ఆవకాయ ఆమె తామే కలిపికొనిరి.