పట్నంలో మనవాడి గది



పదో తరగతి తెలుగు పరీక్షలో "విహారయాత్ర" గురించి వ్యాసం రాయమంటే అందరం తిరుపతి గురించో అరకు గురించో రాసేవాళ్ళం. మాలో చాలామంది చూడకుండానే రాశాం. నిజానికి మన హాస్టల్ పిల్లలు కొత్త పట్నానికి వెళ్ళేది రెండే కారణాలతో. ఒకటి పరీక్ష రాయడానికి, రెండు పని వెతుక్కోవడానికి. ఈ రెంటికీ అక్కడ మనకంటూ ఒకడు ఉండాలి. బస్సు దిగి ఫోను చేస్తే "అక్కడే ఉండరా, వస్తన్నాను" అనేవాడు ఉండాలి. ఈ నాలుగు మాటలు ఆ ఒక్కడి గురించే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పట్నంలో ఉన్న మిత్రుణ్ణి చూసి రావడం కాలక్షేపం కాదు, అది మన చదువులో భాగం. అతని గది తలుపు మన తర్వాతివాళ్ళకు కూడా తెరిచి ఉండేలా చూడటం మన బాధ్యత. ప్రభుత్వానికీ అందులో బాధ్యత ఉంది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక, మన హాస్టల్లో కలిసి చదువుకున్న మేము నలుగురం రెండు బళ్ళ మీద విశాఖపట్నం వెళ్ళాం. పెట్రోలు ఖర్చు నలుగురం పంచుకున్నాం. ఇళ్ళ దగ్గర నుంచి పది కేజీల బియ్యం, ఒక డబ్బా ఆవకాయ, ఎండు నెత్తళ్ళు పట్టుకెళ్ళాం. కోటబొమ్మాళి నుంచి నరసన్నపేట, మడపాం దగ్గర వంశధార, శ్రీకాకుళం దగ్గర నాగావళి దాటి సాగిపోయే ఆ రోడ్డును మా నాన్నలు ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డు అనే అంటారు. ఇప్పుడది పదహారో నంబరు జాతీయ రహదారి.

ఆ దారి మీద కళ్ళు తెరుచుకుని వెళ్తే మన జిల్లా కథంతా కనబడుతుంది. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. అది రాకముందు మన పిల్లలకు పీజీ అంటే చాలావరకు విశాఖపట్నమే. ఇంకొంచెం ముందుకెళ్తే పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు. భోగాపురంలో 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం. తగరపువలస, ఆనందపురం దాటితే మధురవాడ, ఇక పట్నమే. ఒకే రోడ్డు మీద చదువు, కూలి, విమానం మూడూ వరసగా కనబడతాయి. మన ఊళ్ళ నుంచి ఈ రోడ్డెక్కినవాళ్ళలో ఎక్కువమంది ఎక్కింది రెండోదాని కోసమే.

మా మిత్రుడు గాజువాకలో ఉంటాడు. డిగ్రీ ఫస్టుక్లాసులో ప్యాసయ్యాడు. పగలు ఒక గోదాములో లెక్కలు రాస్తాడు, రాత్రి గ్రూప్స్ పరీక్షలకు చదువుతాడు. మూడో అంతస్తు మీద రేకుల గది. అందులో నలుగురు. ఇద్దరికి పగలు పని, ఇద్దరికి రాత్రి షిఫ్టు, కాబట్టి రెండు చాపలే సరిపోతున్నాయి. గోడకు ఒక మేకు, మేకుకు నాలుగు సంచులు. మన హాస్టల్లో ట్రంకు పెట్టెల వరస చూసినవాళ్ళకు ఆ గది కొత్తగా ఉండదు. తేడా ఒక్కటే. ఇక్కడ మెస్సు గంట మోగదు, వార్డెన్ గారు వచ్చి "తిన్నారా?" అని అడగరు.

ఆ గది దొరకడానికి అతనికి నెలన్నర పట్టింది. ఇల్లు ఖాళీ ఉందని బోర్డు పెట్టినవాళ్ళు ముందు ఊరు అడిగేవారట. కోటబొమ్మాళి అంటే "అదే, సినిమా వచ్చింది కదా" అని నవ్వేవారట. 2023లో ఆ పేరుతో సినిమా వచ్చాక మన ఊరి పేరు అందరికీ తెలిసింది, సంతోషమే. ఆ నవ్వు అయ్యాక రెండో ప్రశ్న, "మీరేటోళ్ళు బాబూ?" అని. జవాబు విన్న తర్వాత "మా అబ్బాయి వస్తాడు, వాడికి కావాలి" అని ఒకరు, "ఆలోచించి ఫోను చేస్తాం" అని ఇంకొకరు. ఆ ఫోను రాలేదు. కాదు అని మొహం మీద ఎవరూ అనలేదు. అనకుండానే పని జరిగిపోతుంది. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం పదిహేడో అధికరణ మనం పరీక్షకు బట్టీ పట్టాం. "టు లెట్" బోర్డు దగ్గర దాని మాట చెల్లకుండా చేసే పద్ధతులు మాత్రం ఏ పాఠంలోనూ చెప్పలేదు.

ఇక్కడ బాబాసాహెబ్ జీవితంలోని ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1917లో ఆయన అమెరికా, ఇంగ్లండు చదువుల నుంచి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. కొత్త ఊళ్ళో ఉండటానికి చోటు దొరక్క పేరు మార్చుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. కొద్ది రోజులకే సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చిన మనుషులు ఆయన్ని ఖాళీ చేయించారు. అప్పుడు ఆ ఊళ్ళో తనకు తెలిసిన ఇద్దరు మిత్రులు గుర్తొచ్చారు. ఒకాయన తన ఇంటికి వస్తే పనివాళ్ళు వెళ్ళిపోతారన్నాడు. ఇంకొకాయన భార్యను అడిగి చెప్తానన్నాడు. ఆయన రాత్రి రైలు వేళ దాకా పార్కులో కూర్చుని బొంబాయి వెళ్ళిపోయారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే చిన్న పుస్తకంలో ఆయనే ఇది రాశారు. అదే పుస్తకంలో చిన్నప్పుడు తండ్రిని చూడటానికి ఎడ్లబండి మీద వెళ్తూ దారంతా నీళ్ళు దొరక్క పడిన బాధ కూడా ఉంది. తమ్ముళ్ళు తప్పక చదవాలి.

పెద్ద డిగ్రీలున్న మనిషికి ఆ రోజు బరోడాలో లేనిది ఏమిటి? తలుపు తీసే ఒక మిత్రుడు. గాజువాక రేకుల గదిలో మేము చూసింది అదే. ఆ గదిలో చాపలు రెండే ఉన్నా, గత రెండేళ్ళలో మన హాస్టల్ వాళ్ళు పదకొండు మంది అక్కడ దిగి పరీక్షలు రాశారు, ఇంటర్వ్యూలకు వెళ్ళారు. వారిలో ముగ్గురు ఈ రోజు ఉద్యోగాల్లో ఉన్నారు.

కొత్త ఊళ్ళో మేస్త్రీ తెలిసి ఉండటం వేరు, మిత్రుడు తెలిసి ఉండటం వేరు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పెద్ద భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది. గుజరాత్ పడవల మీద పనికెళ్ళిన మన వైపు మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు. మిత్రుడుంటే ఈ ప్రమాదాలు జరగవని మేము అనడం లేదు. పని ఎలాంటిది, జీతం ఇస్తారా, ఉండే చోటు ఎలాంటిది అని వెళ్ళకముందే అడగడానికి మనవాడు ఒకడుండాలంటున్నాం. మేస్త్రీ కూలీలు కావాలని చెప్తాడు. మిత్రుడు నిజం చెప్తాడు.

కొందరు పెద్దలు "వాడి బతుకే వాడికి బరువు, మీరు పోయి మీద పడటమెందుకు?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఇంటి ఆసామికి ఒక మనిషి ఎక్కువైనా నీళ్ళ లెక్క గుర్తొస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు పద్ధతిగా వెళ్ళాలి. ముందు ఫోను చేసి అతని షిఫ్టు కనుక్కోవాలి. తినేదాని బరువు అతని మీద పెట్టకూడదు. గ్యాసుకు మన వాటా ఇవ్వాలి. ఆ గది ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకూడదు. "మీవాడు రేకుల కింద ఉంటున్నాడు" అని ఊళ్ళో వాళ్ళమ్మకు చెప్పకూడదు. రెండు రాత్రుళ్ళ కంటే ఎక్కువ ఉండకూడదు. ఇవన్నీ పాటిస్తే మనం బరువు కాము. మేము వెళ్ళిన ఆదివారం అతను చాలా రోజుల తర్వాత సముద్రం చూశానన్నాడు. అదే ఊళ్ళో ఉంటూ బీచికి వెళ్ళే తీరిక అతనికి లేదు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం అయిదుగురం కలిసి చూశాం. మనిషికి చోటు ఎంత అవసరమో, అప్పుడప్పుడు పాత పేరుతో పిలిచేవాడు కూడా అంతే అవసరం.

అయితే స్నేహం మీదే అంతా వదిలేయడం సరికాదు. చదువు అయ్యేదాకా మనకు హాస్టల్ ఉంది. పీజీ అయిన మర్నాడు 23 ఏళ్ళ వయసులో పెట్టె పట్టుకుని బయటికి రావాలి. ఉద్యోగం వచ్చేదాకా మధ్యలో ఉండే ఏడాది, రెండేళ్ళకు ఏ చోటూ లేదు. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు, ఆ రెండేళ్ళు పట్నంలో నిలబెట్టే స్తోమత తల్లిదండ్రులకు ఉండదు. చెల్లెళ్ళ సంగతి ఇంకా కష్టం. నలుగురు కుర్రాళ్ళ గదిలో వాళ్ళు దిగలేరు. ఉద్యోగినుల హాస్టళ్ళ పథకం దేశంలో 1970ల నుంచే ఉంది. అదే పద్ధతిలో విశాఖపట్నంలో ఉద్యోగం వెతుక్కునే హాస్టల్ విద్యార్థులకు, ఆడపిల్లలకు విడిగా, తక్కువ అద్దెతో వసతి కట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. వార్డెన్ గారి అనుమతితో మన హాస్టల్లో ఒక నోటు పుస్తకం పెడదాం. ఇష్టమున్న పూర్వ విద్యార్థులు తాము ఏ ఊళ్ళో ఉన్నారో, ఏ పని చేస్తున్నారో, ఎన్ని రాత్రుళ్ళు ఒకరికి చోటివ్వగలరో అందులో రాయాలి. చోటివ్వలేనివాళ్ళు బస్టాండుకు వచ్చి దారి చూపిస్తామన్నా చాలు. ప్రతి ఏటా వార్షికోత్సవం రోజున ఆ పుస్తకం సరిచూసుకుందాం. మొదటి పేజీలో గాజువాక గది రాయడానికి మా మిత్రుడు ఒప్పుకున్నాడు. రెండో పేజీ నుంచి మన అందరివీ రావాలని మా మనవి.