దెయ్యం లేని భయం: సైకలాజికల్ హారర్ చిత్రాల్లో ఆలంబన విభావం

సైకలాజికల్ హారర్ చిత్రాన్ని రససిద్ధాంతంతో పరిశీలించే వ్యాసాలకు ఒక సులభమార్గం అలవాటైంది. పాడుబడిన భవంతి, అర్ధరాత్రి, గజ్జెల చప్పుడు ఉద్దీపనాలు, దెయ్యం ఆలంబనం, వణుకు, చెమట సాత్త్వికభావాలు. పట్టిక నిండగానే భయానకరసం నిష్పన్నమైందని తీర్మానం. చివరికి దెయ్యం లేదని, ఉన్నది మనోవ్యాధేనని తేలితే చిత్రానికి హేతువాద దృష్టి ఉందని ఒక ప్రశంస. ఏ చిత్రానికైనా సరిపోయే పట్టిక ఏ చిత్రాన్ని గురించీ ఏమీ చెప్పదు. అంతకన్నా పెద్ద దోషం దాని వెనుకనున్న ఊహలో ఉంది: తాడని తెలిస్తే పాము భయం పోయినట్టు, కారణం తెలిస్తే ఈ భయమూ పోతుందని.

ఫాజిల్ దర్శకత్వంలో 1993లో వచ్చిన మలయాళ చిత్రం 'మణిచిత్రత్తాళు' ఈ ఊహను నిలవనివ్వదు. పాత ఇల్లు, తాళం వేసిన గది, హత్యకు గురైన తంజావూరు నర్తకి నాగవల్లి కథ: పట్టికకు కావలసిన సరంజామా అంతా ముందే సమకూరుతుంది. అక్కడ ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, అంతకన్నా ఎక్కువగా నవ్వుతాడు. అసలు భయం తర్వాత వస్తుంది. రోగి గంగేనని మానసిక వైద్యుడు సన్నీ ఆమె భర్త నకులన్‌కు చెప్పేశాడు. దెయ్యం లేదని ప్రేక్షకునికీ తెలుసు. బయటికి బయలుదేరిన గంగను నకులన్ వెళ్ళవద్దంటాడు. ఆమె చూపు మారుతుంది, గొంతు మారుతుంది, మలయాళం మాట్లాడే నోట తమిళం వస్తుంది; ఒంటిచేత్తో మంచం ఎత్తుతుంది. అది దంపతుల పడకగది. శోభన ముఖానికి వికృతమైన రంగులేవీ పూయలేదు.

హిచ్‌కాక్ 'సైకో' (1960)లోనూ వరుస ఇదే. వైద్యుడు సుదీర్ఘంగా వ్యాధిని వివరించి ముగించాకే, కదలకుండా కూర్చున్న నార్మన్ మీద తల్లి గొంతు వినిపిస్తుంది. రెండు చోట్లా భయం వివరణకు తర్వాతి మెట్టు.

నాట్యశాస్త్రం భయానక విభావాలను శూన్యగృహంతో, అరణ్యంతో ముగించలేదు. గురువు పట్ల, రాజు పట్ల చేసిన అపరాధాన్నీ చేర్చింది. భయానకపు మూడు భేదాల్లో అపరాధజన్యం ఒకటి. పట్టికల వ్యాసాలు శూన్యగృహం గడప దాటలేదు. భార్యాభర్తల సంబంధానికి ఆ అపరాధాన్ని అన్వయించడం విస్తరణేనన్నది నిజం. అయితే అపరాధభయంలో ఆలంబనం పూర్తిగా బయట ఉండదు. భయపడేవానికి అందులో పాలు ఉంటుంది. పనిలో మునిగిన నకులన్ గంగ ఒంటరితనాన్ని గమనించలేదు. మంచం లేచినప్పుడు అతడు తాను ఇన్నాళ్ళూ చూడని గంగను చూస్తున్నాడు. ప్రేక్షకుడూ నిర్దోషి కాడు. జాతకదోషం ముద్ర పడిన శ్రీదేవిని అంతవరకూ అనుమానించినవాడు అతడే. ఆ పని చిత్రమే చేయించిందనడం కొంతవరకే సమర్థన.

మనోరోగిని భయకారకంగా చూపడం అన్యాయమన్న ఆక్షేపణ సబబైనదే. పైగా సన్నీ చికిత్స మంత్రవాదితో చేతులు కలిపి, నకులన్ స్థానంలో బొమ్మను పెట్టి ఆడించిన నాటకం. హేతువాద ప్రశంస ఇక్కడా నిలవదు.

తెలుగు పరిశోధకులకు దగ్గరి సంగతి మరొకటి ఉంది. పి. వాసు ఈ కథను కన్నడంలో 'ఆప్తమిత్ర' (2004)గా, తమిళంలో 'చంద్రముఖి' (2005)గా తీసినప్పుడు నర్తకి తెలుగు స్త్రీ అయింది. తమిళ ప్రేక్షకుణ్ణి భయపెట్టడానికి తమిళం మాట్లాడే స్త్రీ నోట తెలుగు పలికించారు. బొత్తిగా తెలియని భాషైతే ఆ పని జరగదు. పొరుగింటి నుంచి రోజూ వినబడే భాష కావాలి. ఆ సన్నివేశంలో భాష ఉద్దీపనమా, ఆలంబనమా? తన మాతృభాషే పూనకపు భాషగా వినబడినప్పుడు తెలుగు సామాజికునికి కలిగేది భయమేనా?