మాత్రలు అయిపోయాయి... మరి వైరస్ పోయిందా?

హైటెక్ సిటీలోని ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే సరదాగా వెళ్లి రక్తం ఇచ్చి వస్తారు. కొద్దిరోజులకు బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, 'ఒకసారి డాక్టర్ని కలవండి' అని. ఒంట్లో ఏ నలతా లేదు, రిపోర్టులో మాత్రం 'హెపటైటిస్-సి' అని ఉంటుంది. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కాలేయాన్ని దెబ్బతీసే ఈ వైరస్ చాలామందిలో ఇలాగే బయటపడుతుంది.

అయితే కంగారు వద్దు. 2013లో సోఫోస్‌బువిర్ అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒక్క మాత్ర ధర వెయ్యి డాలర్లు. పన్నెండు వారాల కోర్సుకు 84 వేల డాలర్లు. తర్వాత లైసెన్సు తీసుకుని మన హైదరాబాద్‌కు చెందిన హెటిరో, నాట్కో కంపెనీలే దాన్ని చౌకగా తయారుచేశాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. అంటే ఇప్పుడు మందు కొరత కాదు సమస్య. మాత్రలు అయిపోగానే తగ్గిపోయిందనుకుని చివరి పరీక్ష మానేయడమే అసలు చిక్కు.

మొదలుపెట్టే ముందు

యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే వైరస్ ఒకప్పుడు శరీరంలోకి వచ్చిందని మాత్రమే అర్థం. కొందరిలో అది దానంతటదే పోతుంది. ఇప్పుడు ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెబుతుంది. ఉందని తేలితే లివర్ ఫంక్షన్ టెస్ట్, ప్లేట్‌లెట్లు, స్కానింగ్ లేదా ఫైబ్రోస్కాన్‌తో సిర్రోసిస్ ఉందేమో చూస్తారు. హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. సి-వైరస్ తగ్గుతున్నప్పుడు లోపల అణిగి ఉన్న బి-వైరస్ విజృంభించవచ్చు.

పన్నెండు వారాల్లో

సిర్రోసిస్ లేనివారికి సాధారణంగా సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ రోజుకోసారి ఇస్తారు. సిర్రోసిస్ ఉంటే వెల్పటాస్‌విర్‌తో కలిపి ఇస్తారు, అవసరాన్నిబట్టి రిబావిరిన్ చేరుస్తారు. తలనొప్పి, నీరసం, వికారం కొందరిలో కనిపిస్తాయి. చాలామంది సెలవు పెట్టకుండానే ఉద్యోగం చేసుకోగలుగుతారు. నైట్ షిఫ్టులు మారుతున్నా మాత్ర వేళ మారనివ్వకండి. మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు రెండూ కలిపి మింగొద్దు.

ఎసిడిటీ, ఫిట్స్, గుండె, టీబీ, కొలెస్ట్రాల్ మందులు వాడుతుంటే ముందే చెప్పండి. వీటిలో కొన్ని ఈ మాత్రలకు పడవు. మధుమేహం ఉన్నవారికి షుగర్ పడిపోవచ్చు కాబట్టి తరచూ చూసుకోవాలి. గర్భం దాల్చాలనుకునేవారు డాక్టరుతో ముందే మాట్లాడాలి. మద్యం పూర్తిగా మానాలి.

అసలు ఫలితం ఎప్పుడు?

కోర్సు ముగిసిన పన్నెండు వారాల తర్వాత మళ్లీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాలి. అందులో వైరస్ కనిపించకపోతేనే నయమైనట్టు. నూటికి 95 మందికి పైగా ఇలా బయటపడుతున్నారు. మిగిలిన కొద్దిమందికి వేరే మందుల కలయికతో మళ్లీ చికిత్స ఉంది. ఈ పరీక్ష మానేస్తే ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో తెలియదు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది.

ఈ రిపోర్టును జాగ్రత్తగా దాచుకోండి. నయమయ్యాక కూడా యాంటీబాడీ పరీక్ష దాదాపు జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. రేపు కొత్త ఉద్యోగంలోనో, బీమా పాలసీకోసమో పరీక్షలు చేస్తే మీ మాటకు సాక్ష్యం ఈ కాగితమే. సిర్రోసిస్ ఉన్నవారు వైరస్ పోయినా ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాల్సిందే. కాలేయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు.

ఇంట్లో పళ్లెం, గ్లాసు వేరుచేయక్కర్లేదు. కలిసి తింటే, పిల్లల్ని ఎత్తుకుంటే ఇది సోకదు. రేజర్, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరివి వారికే ఉండాలి. ఒకసారి నయమైనా మళ్లీ సోకే వీలుందనీ మరవద్దు.

మొదటి మాత్ర వేసుకున్న రోజే ఫోన్ క్యాలెండర్‌లో 24 వారాల తర్వాతి తేదీని గుర్తు పెట్టుకోండి. చికిత్స పూర్తయ్యేది ఆ పరీక్షతోనే.