పోయిందా? పోగొట్టుకున్నావా?

మొన్న మా విద్యార్థి ఒకడు దరఖాస్తు దిద్దించుకోవడానికి వచ్చాడు. లైబ్రరీ పుస్తకం పోయింది. ఆ లెక్క తేలితేగాని టి.సి. ఇవ్వరు. కాగితంమీద మొదటి వాక్యం: “ద బుక్ లాస్ట్.”

“ఏ పందెంలో ఓడిపోయిందోయ్, నీ పుస్తకం?” అన్నాను. పాపం, తెల్లబోయాడు.

చెప్పేది తెలుగు మేష్టారైనా వ్యాకరణం వ్యాకరణమే గదా! “రాముడు నవ్వాడు” అంటే మాట పూర్తయింది. “రాముడు కొట్టాడు” అంటే “ఎవరిని?” అన్న ప్రశ్న మిగిలిపోతుంది. మొదటిది అకర్మక క్రియ, రెండవది సకర్మకం. ఆ ప్రశ్నకు జవాబే కర్మ. పోగొట్టుకోవడమనే అర్థంలో “లూజ్”కు కర్మ ఉండాలి: “ఐ లాస్ట్ ద బుక్.” కర్మ లేకుండా “లాస్ట్” అంటే ఓడిపోయిందనే అర్థం వస్తుంది.

ఈ భేదం మనకు కొత్తదేమీ కాదు. విరుగు–విరుచు, కాలు–కాల్చు, మునుగు–ముంచు అని జంటలు జంటలుగా వాడుతూనే ఉన్నాం. గ్లాసు పగులుతుంది, మనిషి పగలగొడతాడు. ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ “బ్రేక్” ఒక్కటే చాలు. అయితే అక్కడా కొన్ని జంటలు లేకపోలేదు. సూర్యుడు “రైజ్” అవుతాడు. చెయ్యి మనం “రెయిజ్” చేస్తాం. పడుకోవడం “లై”, పడుకోబెట్టడం “లే”. చిక్కేమిటంటే, “లై”కి భూతకాలం కూడా “లే”యే! ఇంగ్లీషువాళ్ళే ఇక్కడ తడబడుతూంటారు.

మన తడబాటు వేరు. “గురించి చర్చించాం” అనే అలవాటు కొద్దీ “డిస్కస్” పక్కన “అబౌట్” చేరుస్తాం. “ఊరికి చేరుకున్నాం” గనుక “రీచ్” పక్కన “టు” పెడతాం. రెండూ సకర్మకాలే. కర్మను నేరుగా పట్టుకుంటాయి, మధ్యవర్తి అక్కరలేదు.

కుర్రవాడు అంతా విని, “‘ఐ లాస్ట్’ అంటే తప్పు నా నెత్తిన వేసుకున్నట్టుంటుందేమో, మేష్టారూ!” అన్నాడు.

“‘ద బుక్ ఈజ్ లాస్ట్’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. అప్పుడు పోగొట్టిందెవరో వాక్యంలో కనబడదు. నీ ఇష్టం” అన్నాను.

కలం పట్టుకుని కాసేపు ఆలోచించాడు. “ఐ” అని మొదలుపెట్టాడు. పుస్తకం ఖరీదు కట్టుకుంటానని కింద మరో వాక్యం తనంతట తానే వ్రాశాడు. అందులో నేను దిద్దవలసిందేమీ లేకపోయింది.