ఆడించండి, ఆపై అడగండి



పిల్లలకు డబ్బు విలువ తెలియాలంటే ‘బిజినెస్’, ‘మోనోపలీ’ ఆడించాలని మీ పత్రిక గత సంచికలో ఒక వ్యాసకర్త రాశారు. ఆడించమనడం బాగుంది, అవి పొదుపు నేర్పుతాయనడంతోనే నా పేచీ. ఆ ఆటల్లో డబ్బు దాచుకున్నవాడు గెలవడు. ముందుగా స్థలాలు కొనేసి, మిగతావాళ్లు దివాలా తీసేదాకా అద్దె గుంజేవాడే గెలుస్తాడు.

నిజానికి మోనోపలీకి మూలమైన ఆట పుట్టింది ఈ తీరును ఎత్తిచూపడానికే. అమెరికాకు చెందిన ఎలిజబెత్ మాగీ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’కు పేటెంటు పొందారు. భూమి కొందరి గుప్పిట్లో చిక్కితే మిగతావారి గతేమిటో చూపాలన్నది ఆమె ఉద్దేశం. అద్దె ఉమ్మడి ఖజానాకు చేరే మరో రకం నియమాలూ ఆమె రూపొందించారు. 1935లో పార్కర్ బ్రదర్స్ ఆమె హక్కులను 500 డాలర్లకు కొనేసింది. ఇంటింటికీ చేరింది మాత్రం గుత్తాధిపత్యపు ఆటే.

మన సంప్రదాయ ఆటల సంగతికొస్తే, వైకుంఠపాళిలో నిచ్చెన పుణ్యం, పాము పాపం. అయితే అక్కడ ఎంపిక లేదు, పందెం పడినట్టే నడక. అష్టాచెమ్మాలోనైతే ఏ కాయ జరపాలో పిల్లలే తేల్చుకోవాలి.

తల్లిదండ్రులకు నా సూచన ఒక్కటే: ఆట ముగిశాక ‘గెలిపించింది తెలివా, అదృష్టమా? ఓడినవాడు చేసిన తప్పేమిటి?’ అని పిల్లల్ని అడగండి. అసలు పాఠం ఆ చర్చలోనే ఉంది.

— ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి