టికెట్ కొన్నోడి మాట

శుక్రవారం వచ్చిందంటే మా రహమత్ నగర్‌లో చాలా ఇళ్లల్లో టెన్షనే. పక్కనే కృష్ణానగర్ కదా! మా బిల్డింగ్‌లోనే ఒక అసిస్టెంట్ ఎడిటర్, ఒక లైట్‌మన్, ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు ఉన్నారు. సినిమా పోయినా హీరోకి ఇంకో సినిమా ఉంటుంది. వీళ్లకి మాత్రం రావాల్సిన బాకీ ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే మొదటి ఆట పడకముందే ‘డిజాస్టర్’ అని పోస్ట్ కనిపిస్తే వీళ్లకి ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

కానీ ఆ మంటలో ఎవరికి ఏం జవాబు చెబుతున్నామన్నదే అసలు సంగతి.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని. యాప్‌లో ఏదో తేడాగా ఉందని ఎవరైనా కంప్లయింట్ పెడితే దాన్ని మేము ‘టికెట్’ అంటాం. రాసినవాడు మర్యాదగా రాశాడా, విసుక్కుంటూ రాశాడా అన్నది తర్వాత. తప్పు నిజంగా ఉందా? సరిచేస్తాం. కావాలనే అలా పెట్టామా? ఎందుకో చెప్పి మూసేస్తాం. యాప్ ముట్టుకోకుండానే ఒక్క స్టార్ కొట్టిన దొంగ అకౌంటా? రిపోర్ట్ కొడతాం. మూడింటికీ మూడు దారులు.

సినిమాలకీ ఇవే దారులు. 2014 జనవరి 10న ‘1 నేనొక్కడినే’ వచ్చింది. నిడివి ఎక్కువైందన్నారు జనం. కొద్ది రోజులకే సుమారు 20 నిమిషాలు కత్తిరించారు. అప్పుడు సినిమా ఆడలేదు, నిజమే. కానీ చూసినవాడి మాట విన్నారు. అలాగని కథని వదిలేసుకోలేదు. ఇప్పుడు ఆ సినిమాకి ఎంతమంది ఫ్యాన్స్ ఉన్నారో మీకే తెలుసు.

‘ఆదిపురుష్’ చూడండి. 2022 అక్టోబర్‌లో టీజర్ వచ్చాక గ్రాఫిక్స్‌ని ఏకిపారేశారు. టీమ్ విడుదలని జనవరి నుంచి 2023 జూన్ 16కి జరిపి మళ్లీ పని చేసింది. తీరా విడుదలయ్యాక డైలాగుల మీద గొడవ. రచయిత మనోజ్ ముంతషిర్ మొదట సమర్థించుకున్నారు, తర్వాత డైలాగులు మార్చారు, జూలైలో క్షమాపణ చెప్పారు. ఆ మాట మొదటి రోజే వచ్చి ఉంటే వేడి అంత పెరిగేది కాదేమో.

ఇక బూతులు, ఇంట్లో ఆడవాళ్ల మీద కామెంట్లు. అవి విమర్శ కానే కాదు. 2024 జూలైలో ‘మా’ అసోసియేషన్ అలాంటి ఐదు యూట్యూబ్ ఛానెళ్లు మూతపడ్డాయని ప్రకటించింది. మంచి పనే.

చిక్కల్లా ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసినప్పుడు వస్తుంది. 2025లో ‘మ్యాడ్ స్క్వేర్’ విడుదల తర్వాత నిర్మాత నాగవంశీ, దమ్ముంటే నా సినిమాలని బ్యాన్ చేయండని వెబ్‌సైట్లకి సవాల్ విసిరారు. సినిమాలు బతికితేనే మీరూ బతుకుతారన్నది ఆయన వాదన. అందులో నిజముంది. డబ్బులు పెట్టినవాడి బాధ కూడా ఉంది. కానీ ఆ సవాల్ వినగానే సెకండాఫ్ సాగిందని రాసిన మామూలు ప్రేక్షకుడు కూడా ‘ఇది నాకేనా?’ అనుకుంటాడు. వాడు పగబట్టినవాడు కాదు. టికెట్ కొని, ట్రాఫిక్‌లో పడి వెళ్లి, రెండున్నర గంటలు కూర్చుని వచ్చినవాడు.

‘కళ అంటే యాప్ కాదు కదా బాస్, అందరూ చెప్పినట్టు మారుస్తూ పోతే ఇంకేం మిగులుతుంది?’ అని మీరు అడగొచ్చు. కరెక్టే. అందుకే రెండో దారి ఉంది. ‘మీ మాట విన్నాను, నేను మాత్రం ఈ కారణంతో అలా తీశాను’ అనండి. ఒప్పుకోకపోయినా గౌరవించినట్టే.

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు, రీల్స్ చేసేవాళ్లు ఒక పని చేసి చూడండి. అప్‌లోడ్ చేసిన రాత్రి ఎవరికీ జవాబివ్వొద్దు. పొద్దున లేచి కామెంట్లలో అన్నిటికన్నా చెత్తదాన్ని కాదు, అన్నిటికన్నా బలమైనదాన్ని వెతకండి. ‘నాలుగో నిమిషంలో డబ్బింగ్ కుదరలేదు’ లాంటిది. ముందు దానికి జవాబు రాయండి. చెత్త కామెంట్ రాసినవాడు మీ కోపం కోసం కాచుకుని ఉంటాడు. ఈ రెండోవాడు మీ తర్వాతి సినిమా కోసం చూస్తుంటాడు.