రిమ్ము పెరిగెను, రబ్బరు తరిగెను

గడచిన డిసెంబరులో మా తెలుగు శాఖ విద్యార్థులను లేపాక్షికి తీసుకొనిపోయాము. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ పదహారవ శతాబ్దపు ఆలయంలో వ్రేలాడే స్తంభం క్రింద చేతిరుమాలు దూర్చి చూచుటతో మావారి శిల్పకళాపరిశీలన దాదాపు ముగిసినది. బయటికి వచ్చి బసవన్న వద్దకు నడిచేసరికి సగం మంది కనబడలేదు. వెదకగా, బెంగుళూరు నుండి వచ్చి బాట ప్రక్కన వరుసగా నిలిచిన ఎస్.యు.వి. బండ్ల చుట్టూ మూగి ఉన్నారు. ఏకశిలానంది కంటె వారికి ఆ బండ్ల చక్రాలే రమ్యంగా తోచినవి. "సార్, ఇది పద్దెనిమిది అంగుళాలు, అది ఇరవై" అని ఒక విద్యార్థి మాకు పాఠం చెప్పాడు. మేమేమో నాభి, అరములు, నేమి అని చక్రాంగాలకు సంస్కృత నామాలు వల్లించి ఊరుకొన్నాము. అప్పటికి మాకు తెలిసినది అంతే.

ఆ తరువాత మాసమైనా గడువక ముందే ఈ విషయంలో మాకు మంచి గుణపాఠం కలిగినది. దానిని విద్యార్థి మిత్రులకు, కళాశాల సంఘ సభ్యులకు నివేదించుటయే ఈ వ్యాసం ఉద్దేశం. సాహిత్యోపన్యాసకునికి రబ్బరు టైర్ల గొడవ ఎందుకని కొందరు పెద్దలు నవ్వవచ్చును. నవ్విన తరువాతనైనా చదువవలెనని ప్రార్థన.

మా ఆపా పెద్ద కుమారుడు బెంగుళూరులో ఉద్యోగం. క్రొత్తగా బండి కొన్నాడు. కర్మాగారం నుండి వచ్చిన పదహారు అంగుళాల రిమ్ములు తీసివేయించి, పద్దెనిమిది అంగుళాల అలాయ్ రిమ్ములు వేయించాడు. "మామూ, పులి మాదిరి లేదా?" అని అడిగితే, ఉన్నదనే చెప్పాము. నిజంగానే ఉన్నది. జనవరిలో బెంగుళూరులో ఒక వలీమా విందుకు పోయి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామునే అమ్మను వెంటబెట్టుకొని ఆ బండిలోనే తిరిగి బయలుదేరాము. కొడికొండ చెక్‌పోస్టు వద్ద జాతీయ రహదారి వదలి చిలమత్తూరు మీదుగా లేపాక్షి వైపు తిరిగినాము. పొగమంచు దట్టంగా ఉన్నది. బాటపై రైతులు ఉలవ కట్టె పరచి ఉన్నారు. దాని క్రింద గుంత ఉన్నదని మాకు తెలియదు. ధడేలుమని ఒక చప్పుడు. ప్రక్క చక్రం గాలి పోయినది. మరొక టైరు చూడగా దాని ప్రక్కగోడ మీద కోడిగ్రుడ్డంత బుడిపె లేచి ఉన్నది. బండిలో ఉన్న స్టెప్నీ ఒక్కటే, అదియును పాత పదహారు అంగుళాలది.

ఆ చలిలో మా అమ్మ శాలువ కప్పుకొని బాట ప్రక్క రాతిపై కూర్చున్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పి, ఉబ్బసం. గంటకు పైగా అక్కడే ఉన్నాము. మేనల్లుడు జాకీతో కుస్తీ పడుతుండగా ఆమె ఉర్దూలో ఒక మాట అన్నది. తెలుగులో చెప్పవలెనంటే, "ఇంత పెద్ద చక్రం పెట్టుకొని ఇంత చిన్న గుంతకు ఓడిపోయిందేమిరా?" అని. దానికి ఆ అబ్బాయి వద్ద సమాధానం లేదు, మా వద్దనూ లేదు. హిందూపురం చేరి విచారిస్తే ఆ కొలత టైరు ఆనాడు ఊరిలో దొరకలేదు. బెంగుళూరు నుండి తెప్పించుటకు మూడు దినాలు పట్టినది.

అమ్మ ప్రశ్నలో న్యాయమున్నది. ఆమె చిన్ననాట చూచిన చక్రం ఎడ్లబండి గాను. అది మనిషి రొమ్ము ఎత్తున ఉండేది. అంత పెద్దదిగా చేయుట వడ్లవారి ఆడంబరం కాదు. చక్రం ఎంత పెద్దదైతే అంత సులువుగా గుంత అంచులను దాటిపోతుంది. చిన్న చక్రం గుంతలో పడిపోతుంది, పెద్దది దాని మీదుగా దొర్లుతుంది. పెద్ద చక్రం మంచిదన్న నమ్మకం మన జనానికి అక్కడి నుండియే వచ్చినది. ఆ నమ్మకం తప్పు కాదు. తప్పు ఎక్కడున్నదనగా, నేటి బండిలో పెరుగుతున్నది చక్రం కాదు, రిమ్ము.

లెక్క చూడండి. టైరు ప్రక్కన 205/65 ఆర్ 16 అని వ్రాసి ఉంటుంది. 205 అనునది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అనగా ఆ వెడల్పులో నూటికి అరవై ఐదు పాళ్ళు ప్రక్కగోడ ఎత్తు. 16 అంగుళాలలో రిమ్ము వ్యాసం. గుణిస్తే రబ్బరు గోడ 133 మిల్లీమీటర్లు, మొత్తం చక్రం వ్యాసం 673. ఇక 215/55 ఆర్ 18 తీసుకొనండి. రబ్బరు గోడ 118, మొత్తం వ్యాసం 694. అనగా ఇనుము రెండు అంగుళాలు పెరిగితే చక్రం ఒక్క అంగుళమైనా పెరుగలేదు. మిగిలినదంతా రబ్బరు నుండి కోసుకొన్నదే. పదిహేను మిల్లీమీటర్లు ఏపాటి అనవచ్చును. చిటికెన వ్రేలి వెడల్పు. కాని గుంత అంచు తగిలిన క్షణంలో రబ్బరు నలిగి నలిగి, రిమ్ముకూ రాతికీ మధ్య ఇక నలుగుటకు చోటు లేనప్పుడు గదా లోపలి దారాలు తెగేది! ఆ దారాలు తెగిన చోటనే గాలి బయటికి త్రోసుకొని వచ్చి బుడిపె కట్టుతుంది. బుడిపె కట్టిన టైరుకు మరమ్మతు లేదు, మార్చి తీరవలసినదే. ఆ చిటికెన వ్రేలు ఉండినట్లయితే మా అమ్మ ఆనాడు ఆ రాతిపై కూర్చోవలసి వచ్చెడిది కాదేమో.

1888లో డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించుటకు గాలి టైరు చేశాడు. అతనికంటె ముందే 1845లో థామ్సన్ అను ఆయన అటువంటి దానికే పేటెంటు పొందినాడు. అనగా గాలి టైరు పుట్టినదే కుదుపును మ్రింగుటకు. ఆ మ్రింగే భాగాన్నే నేడు అందం పేరిట తగ్గించుచున్నాము.

పెద్ద రిమ్ముకు గుణాలు లేవని మేము అనము. లోపల పెద్ద బ్రేకు పళ్ళెం పట్టుతుంది. ప్రక్కగోడ పొట్టిదైనందువల్ల మలుపులో బండి తూగక, స్టీరింగు మాట వెంటనే వింటుంది. నున్నని రహదారిపై వేగంగా పోవువారికి అది సుఖమే. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో, ఆ నాలుగు వరుసల బాట ప్రక్కనే, కియా కర్మాగారం ఉన్నది. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగి, 2019లో ఉత్పత్తి ప్రారంభమైనది. 536 ఎకరాలు, ఏటికి మూడు లక్షల బండ్ల సామర్థ్యం. కరవుసీమ అని పేరుపడిన గడ్డ మీద తయారైన సెల్టోస్ బండి దేశాంతరాలకు ఓడలెక్కి పోవుచున్నదంటే మాకు గర్వమే. ఆ బండి 2019లో వచ్చినప్పుడు పదహారు, పదిహేడు అంగుళాల రిమ్ములతో వచ్చినది. 2021లో ఎక్స్-లైన్ అను రకానికి పద్దెనిమిది అంగుళాలు వేశారు. ఒక్క ఆ సంస్థయే కాదు, లోకమంతటా ఇదే వరస. బండి శరీరం ఎత్తైనది కనుక చిన్న రిమ్ము పెడితే బొమ్మ బండివలె కనబడుతుందని రూపకర్తల భయం. అందులోనూ ఒక చిక్కున్నది. పెద్ద రిమ్ము ఎక్కువ ధర రకంతోనే వస్తుంది; తక్కిన సౌకర్యాలు కావలెనన్నవాడు దానినీ మోయవలెను.

మన సీమలో మంచు కురవదు గదా, శీతకాలపు ముచ్చట ఏల అని అడుగుదురేమో. మన శీతకాలం వేరు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనం బాటలను నానబెట్టి గుంతలు చేస్తుంది. ఆ గుంతలు పూడకముందే పొగమంచు వచ్చి వాటిని దాచుతుంది. ఆపైన రాగులు, ఉలవలు బాటపై పరచబడతాయి. రైతును నిందించుటకు మాకు నోరు రాదు. కళ్ళం చేసుకొనుటకు చోటు లేనివాడు, కూలి గిట్టుబాటు కానివాడు, పోయే బండ్ల చేతనే నూర్పిడి చేయించుకొంటున్నాడు. ఐనప్పటికీ ఎండుకట్టె ఇరుసుకు చుట్టుకొని, వేడి పొగగొట్టానికి తగిలి బండి కాలిపోవు ప్రమాదం కలదని నడుపువారు ఎరిగి ఉండుట మంచిది. దానిపై పోవలసి వచ్చినచో నిదానంగా పోయి, దాటగానే దిగి క్రింద చూడవలెను.

చలికి గాలి సంకోచిస్తుందన్నది మన విద్యార్థులు పదవ తరగతిలోపే చదివినదే. మధ్యాహ్నం ముప్పది డిగ్రీల వేడిలో కొలిచి నింపిన టైరు, మరునాటి తెల్లవారుజామున పదిహేను డిగ్రీలలో రెండు పౌండ్లకు పైగా తగ్గి ఉంటుంది. అసలే పొట్టి గోడ, ఆపైన గాలి తక్కువ. మా మేనల్లుడు గాలి కొలిపించి ఎంతకాలమైనదో అతనికే గుర్తు లేదు.

నీటి విషయం ఇంకొకటి. వెడల్పు టైరు నీటిపై తేలుటకు సన్న టైరు కంటె త్వరపడుతుంది. పెద్ద చక్రాల బండి ఏ వాగునైనా దాటగలదన్న భ్రమ ప్రాణాంతకం. 2021 నవంబరులో చిత్రావతి ఉధృతిలో కారు చిక్కుకొని, రక్షింపబోయిన వారు కూడ చిక్కుకొనగా, వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పదిమందిని పైకి తీయవలసి వచ్చినది. ఆ నీటి ముందు రిమ్ము కొలతలు ఎవరడుగుతారు?

నిజమైన మంచుదేశాల వారు ఏమి చేస్తున్నారో చూచిన మన కళ్ళు ఇంకొంత తెరచుకొంటాయి. మా పూర్వ విద్యార్థి ఒకడు మాంట్రియల్‌లో ఉన్నాడు. ఈ సంగతి వ్రాస్తే అతడు నవ్వుతూ తన కథ వ్రాశాడు. అక్కడికి పోయిన క్రొత్తలో ఇరవై అంగుళాల రిమ్ములున్న పాత ఎస్.యు.వి. మోజుపడి కొన్నాడట. క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. ఆ కొలతలో నాలుగు టైర్ల ధర విని గుండె ఆగినంత పని అయినది. అప్పుడు టైర్ల దుకాణంలోని ముసలి కార్మికుడు చెప్పిన ఉపాయమేమనగా, లోపలి బ్రేకుకు తగలనంత వరకు ఎంత చిన్న రిమ్ము పట్టునో అంత చిన్న ఇనుప రిమ్ము కొని, దానికి ఎత్తైన, సన్నని టైరు వేయమని. మొత్తం చక్రం వ్యాసం మారదు, రబ్బరు పెరుగుతుంది. సన్న టైరు మంచును కోసుకొని క్రిందికి దిగి పట్టు చిక్కించుకొంటుంది, వెడల్పుది పైన తేలుతుంది. ధరా తక్కువ. శీతకాలమంతా ఆ నల్లని ఇనుప రిమ్ములతోనే తిరుగుతాడట. అక్కడ దానికి సిగ్గుపడేవారు లేరు.

చలిదేశపు టైరు రబ్బరే వేరు. మామూలు టైరు ఏడు డిగ్రీల క్రింద బిగుసుకొని పట్టు కోల్పోవుట మొదలిడుతుంది. శీతకాలపు రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఫిన్లాండువారు 1934లోనే లారీలకు అట్టి టైరు చేశారు, 1936లో కార్లకు చేశారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలమందించే బండి ఉన్నది గనుక భయం లేదని మనవారు అనుకొంటారు. ఆ బలం బండిని కదిలించుటకే, ఆపుటకు కాదు. ఆపేది అరచేయంత చోట నేలను తాకే రబ్బరు మాత్రమే. మా విద్యార్థులలో జర్మనీకో కెనడాకో పోదలచినవారు ఈ ఒక్క మాట పెట్టెలో వేసుకొని పోవలెను.

ఇక సంఘ సభ్యులకు మనవి. దూరగ్రామాల విద్యార్థినులను పరీక్షా కేంద్రాలకు చేర్చుటకు కళాశాలకొక బండి కొనవలెనన్న ప్రస్తావన మీ పరిశీలనలో ఉన్నది. చూపుకు ఘనంగా ఉండవలెనని, అతిథులు వచ్చినప్పుడు కళాశాల గౌరవం నిలుపవలెనని కొందరి అభిప్రాయంగా విన్నాము. గౌరవం మాకూ ఇష్టమే. కాని పరీక్షలు జరుగునది ఇదే బాటల మీద పోయి. గుంతలో టైరు పోయి ఒక్క గంట ఆలస్యమైతే ఆ పిల్ల సంవత్సరం పోతుంది. మా అమ్మవలె రాతిపై కూర్చొని తరువాతి గంటకు బయలుదేరే వీలు ఆమెకు లేదు. కావున ఏ సంస్థ బండి కొన్నను అందులో చిన్న రిమ్ములున్న రకాన్నే ఎన్నుకొనండి. స్టెప్నీ తక్కిన నాలుగింటి కొలతలోనే ఉండవలెనని, ఆ కొలత టైరు హిందూపురంలోనో ధర్మవరంలోనో అంగడిలో దొరకవలెనని తీర్మానంలో వ్రాయించండి. డ్రైవరుకొక గాలి కొలిచే మీటరు ఇప్పించండి. అది కొన్ని వందల రూపాయలకే వస్తుంది.

మా మేనల్లుడు పాత పదహారు అంగుళాల రిమ్ములు మరల వేయించుకొన్నాడు. పులి కొంచెం పిల్లి అయినదని స్నేహితులు ఎగతాళి చేస్తున్నారట. చెడిపోని మూడు అలాయ్ రిమ్ములు ఆపా ఇంటి మిద్దెపై ఉన్నవి. ఎవరైనా కొంటారేమో చూడమని మాతో అంటున్నాడు. మేము ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.